ఏడో పాటలో నాలుగు నిమిషాలు

ఇనప షట్టర్లు బాగుచేసేవాడికి చెవులు సగమే పనిచేస్తాయి. ఇరవై ఆరేళ్లుగా సుత్తి, రేకు, స్ప్రింగు. ఎవరన్నా పిలిస్తే రెండోసారికి గానీ తిరిగి చూడడు. అలాంటివాడు డ్రమ్ములు వాయించే బ్యాండు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వీధి వీధంతా అతన్ని షట్టర్ అనే పిలిచేది. బ్యాండులో ఉన్నది ముగ్గురే. డ్రమ్ముల మీద ఇతను. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే తమ్ముడు గిటారు వాయిస్తూ పాడేవాడు. వాళ్లిద్దరికీ చిన్నప్పుడు లెక్కలు చెప్పి, తొడపాశాలు పెట్టిన టీచరమ్మ రిటైరయ్యాక కీబోర్డు పట్టింది. ఆవిడకి మనుషుల ముఖాలు చూస్తే నవ్వొస్తుందిట, అందుకని గోడవైపు తిరిగి వాయించేది. తమ్ముడైతే మరీను. నిలబడి పాడితే గొంతులోంచి, పడుకుని పాడితే పొట్టలోంచి వస్తుందని సగం పాటలు నేల మీద వెల్లకిలా పడుకుని పాడేవాడు. పాట మధ్యలో దబ్బున పడిపోవడం వాడికి సరదా. బ్యాండు పేరు 'ఇచ్చట బండి ఆపరాదు'. బాగుచేయడానికొచ్చిన ఒక పాత షట్టరు మీద ఆ మాట రాసుంటే, అదే పెట్టేసుకున్నారు. ఏం మనుషులో!

మొదటి మూడేళ్లలో ఒక్క పాటా పూర్తికాలేదు. తీగ తెగితే ఆపడం, తాళం తప్పితే ఆపడం, ఆపాక తప్పు నీదంటే నీదని కొట్టుకోవడం. చివరికి విసుగెత్తి షట్టరే ఒక రూలు పెట్టాడు. మొదలెట్టాక ఆరు నూరైనా ఆపకూడదు. ఏది జరిగితే అదే పాట. ఒకసారి టీచరమ్మ కుర్చీ కాలు విరిగితే ఆవిడ కింద కూర్చునే వాయించింది. ఇంకోసారి పక్కింటాయన తలుపు బాది తిట్ల వర్షం కురిపిస్తే, ఆ తిట్లన్నీ మూడో పాటలో అలాగే ఉండిపోయాయి. తమ్ముడు మురిసిపోయాడు. "అన్నయ్యా, నువ్వు పెట్టిన రూలుతోనే మనం మనుషులమయ్యాం," అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టర్ల షెడ్డులోనే, అరువు తెచ్చిన రికార్డరు మీద ఆల్బమ్ మొత్తం ఒక్క ఊపులో రికార్డు చేశారు. ఏడు పాటలు. ఏడోది సగం అయ్యేసరికి తమ్ముడు మైకుతో సహా దబ్బున పడ్డాడు. షట్టర్ చూశాడు. "వీడి వేషాలూ వీడూ," అనుకుని నవ్వుకున్నాడు. నవ్వి ఇంకా గట్టిగా బాదాడు. టీచరమ్మ గోడవైపే ఉంది. ఆవిడకేం తెలుస్తుంది? పాట పూర్తయ్యాక షట్టర్ కర్రలు పైకి విసిరి, "లేరా, అయిపోయింది!" అని అరిచాడు.

వాడు లేవలేదు. దగ్గరికెళ్లి చూస్తే పెదాలు నల్లబడి ఉన్నాయి.

ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, "పడగానే తెచ్చారా?"

"పడగానే తెచ్చామండీ," అన్నాడు షట్టర్. నోరు దానంతటదే అనేసింది.

"గుండె ఆగిపోయింది. ఒక్క నాలుగైదు నిమిషాలు ముందయితే ఏమన్నా చేసేవాళ్లమేమో," అన్నాడు డాక్టరు. తమ్ముడి భార్య పక్కనే ఉంది. రెండు మాటలూ విన్నది.

ఆరు నెలలు ఎవరూ ఆ రికార్డరు జోలికి పోలేదు. తర్వాత టీచరమ్మ తెచ్చి, షెడ్డులో అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఏడో పాట సౌండు పెంచింది. డ్రమ్ముల హోరు కింద, నేల మీది మైకుకి దగ్గరగా, సన్నగా ఒక గొంతు. "అన్నయ్యా… ఆపు." కాసేపాగి మళ్లీ, "అన్నయ్యా… ఆపు." మూడోసారి "అన్నయ్యా" ఒక్కటే. ఆపైన నాలుగు నిమిషాలు డ్రమ్ములే.

షట్టర్ పాట వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"ఇది తీసేద్దాంరా నాయనా," అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

కానీ మరదలు ఒప్పుకోలేదు. "ఏడు పాటలని మీ తమ్ముడు ఊరంతా చెప్పుకు తిరిగాడు బావగారూ. ఏడూ రావాల్సిందే. ఎందుకు తీసేస్తానంటున్నారో చెప్పండి," అంది. చెబితే అన్నీ చెప్పాలి. ఎవడు వింటాడులే అని సర్దిచెప్పుకుని ఏడూ పెట్టి ఆల్బమ్ విడుదల చేసేశాడు.

నిజంగానే ఎవరూ వినలేదు. ఒకే ఒక్క పేపరువాడు మాత్రం, పాతసామాన్ల కొట్టు మెట్ల మీంచి దొర్లినట్టుందని రాశాడు. అలాంటి మాట చదివి ప్రాణం కుదుటపడ్డ వాయిద్యగాడు లోకంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ నిశ్చింత మూడు వారాలే. ఒక సాయంత్రం రేడియోలో ఒకావిడ ఏడో పాట వేసింది. "తమ్ముడు పడిపోయి ఆపమని వేడుకుంటాడు, అన్నయ్యకి వినపడదు. ఇంత గొప్ప నటన ఈమధ్య వినలేదు," అంది. అంతే, ఎక్కడ చూసినా అదే పాట. బస్సుల్లో కుర్రకారు ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోయి "అన్నయ్యా, ఆపు" అని పాడుకోవడం. షట్టరు లాగుతూ కొట్టువాళ్లు అదే కూనిరాగం. అతని చెవులు సగమే పనిచేస్తాయని చెప్పాను కదా, ఆ సగంలో ఇంకేదీ పట్టేది కాదు.

"ఇది ఆ రోజుదే కదా బావగారూ?" అనడిగింది మరదలు. ముఖం పాలిపోయి ఉంది.

"ఆ రోజుదే అమ్మా. ఆ పడటం, పిలవటం ముందే అనుకున్న నటన. పాటయ్యాకే వాడికి…" మిగతాది మింగేశాడు.

ఆమె ముఖంలోకి రంగొచ్చింది. "అయితే చివరి పాట పూర్తిచేసే పోయాడన్నమాట!" ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే కూతురికి జడ వేస్తూ ఆ పాట పెట్టేది. ఇరుగుపొరుగుతో గర్వంగా చెప్పుకునేది. షట్టర్ ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు.

ఆమే పట్టుబట్టి కచేరీకి కూడా ఒప్పించింది. రెండొందల మంది పట్టే హాలు. తమ్ముడి చోట గిటారు ఒక్కటే. స్పీకర్లోంచి ఆల్బమ్ వస్తుంటే, దానితో కలిపి వీళ్లిద్దరూ వాయించాలి. ముందు వరసలో మరదలు, పక్కన కూతురు.

ఆరు పాటలు గడిచాయి. ఏడోది సగానికొచ్చింది. స్పీకర్లో దబ్బున చప్పుడు. దానికోసమే కాచుకుని ఉన్నట్టు రెండొందల గొంతులు ఒక్కసారి లేచాయి. "అన్నయ్యా, ఆపు!"

ఈసారి వినపడింది. షట్టర్ ఆపేశాడు.

చేతిలో కర్రలు ఆగాయి గానీ స్పీకర్లో ఆనాటి డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. టీచరమ్మ గోడవైపు నుంచి వెనక్కి తిరిగింది. అతను మైకు అందుకున్నాడు.

"అది నటన కాదమ్మా. వాడు నిజంగానే పడ్డాడు. నేను చూశాను. చూసి నవ్వాను. నన్ను పిలిచాడు, నాకు వినపడలేదు. పడగానే తెచ్చామని డాక్టరుకి అబద్ధం చెప్పాను. నీకూ చెప్పాను."

హాలంతా చప్పట్లు. ఇదీ పాటలో భాగమే అనుకున్నారు కాబోలు, ఈలలు కూడా వేశారు. మరదలు ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమె లేచి, కూతుర్ని అక్కడే ఉంచి, నెమ్మదిగా స్టేజీ దాకా వచ్చింది.

"ఎంతసేపు?" అంది.

"నాలుగు నిమిషాలు."

స్పీకరు కట్టేద్దామని అతను లేచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కూర్చోండి బావగారూ. రోజూ నేను విన్నాను. ఇవాళ మీరు వినండి."

అతను కూర్చున్నాడు. ఒళ్లో చేతులు పెట్టుకుని, తన దెబ్బలన్నీ ఒక్కొక్కటే విన్నాడు. అవి గట్టిగా, హుషారుగా ఉన్నాయి. చివరి దెబ్బ పడ్డాక, కత్తిరించకుండా వదిలేసిన తన గొంతే నవ్వుతూ హాలంతా వినిపించింది.

"లేరా, అయిపోయింది!"