రేడియో బాబాయి రేకు పని

రేడియో బాబాయికి మతి చలించిందనీ, పెళ్లాన్ని వెనకగదికి తరిమేసి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఖాళీ మిక్సీ తిప్పుకుంటూ కూర్చుంటున్నాడనీ వీధంతా కోడై కూసింది. మిక్సీ తిప్పిన మాట నిజమే. తక్కినదంతా నోటికొచ్చిన కూత.

ఒకప్పుడు ఆ ముందుగదిలో ఇద్దరి పనీ పక్కపక్కనే సాగేది. కిటికీ దగ్గర పిన్ని కాళ్లతో తొక్కే కుట్టుమిషను, ఎదురుగా బల్ల మీద బాబాయి విప్పిపెట్టిన రేడియోలు. ఆయన సొంతంగా కట్టిన ఆంప్లిఫయర్‌లో పాత పాటలు మోగుతుంటే, చరణం అయ్యేసరికి పిన్ని ఒక చొక్కా చెయ్యి కుట్టేసేది. బట్టలు ఇవ్వడానికి వెళ్లినవాళ్లు రెండు పాటలు వింటే గానీ లేచేవారు కాదు.

మోకాళ్లు మొరాయించాక పిన్ని మిషనుకు మోటారు పెట్టించుకుంది. అది తిరిగిందంటే చాలు, స్పీకరులో తేనెతుట్టె కదిలినట్టు జుయ్‌మని మోత. ఓ రోజు బాబాయి విసుక్కున్నాడు.

"పాటన్నా విననీ, లేకపోతే ఆ మిషనన్నా అవతలికి తీసుకుపో!"

పిన్ని అప్పటికప్పుడే లేచింది. మిషను వెనకగదికి చేరింది. ఆ తర్వాత ముందుగదిలో పాట శుభ్రంగానే వినిపించేది. బాబాయికే వినబుద్ధి కాలేదు.

మోటారులో రేగే నిప్పురవ్వల గోల గాలిలోంచి వచ్చి తన తీగల్లో దూరుతోందని ఆయనకు తెలుసు. వాటికి అడ్డంగా రేకు గోడ కడితే పిన్ని మళ్లీ కిటికీ దగ్గరికి రావచ్చు. ఖాళీ బిస్కెట్ డబ్బాలు కత్తిరించాడు. పరీక్షకు ఆమె మిషను అడగడానికి మొహం చెల్లలేదు. అలాంటి మోటారే కదా అని ఎదురింటి అక్కయ్య మిక్సీ అడిగాడు.

"ఏం రుబ్బుతావు తమ్ముడూ?"

"ఏమీ రుబ్బనక్కా. ఊరికే తిప్పుతాను."

"ఊరికే తిప్పడానికి నా మిక్సీయే దొరికిందా? కాలిందంటే ఏడాదంతా మా ఇంటి రుబ్బుడు నీదే!"

ఆంప్లిఫయర్ చుట్టూ రేకు పెట్టె బిగించాడు. పాటలు పెట్టే క్యాసెట్ ప్లేయరు నుంచి దానికి వచ్చే తీగకు రాగి అల్లిక తొడిగి, ఆ తొడుగును అటు ప్లేయరుకూ ఇటు ఆంప్లిఫయర్‌కూ అతికించాడు. జుయ్ తగ్గింది, గుమ్‌మనే కొత్త హోరు మొదలైంది. ఇంకెవరైనా అలా రెండు కొసలూ కలిపితే హోరు పుడుతుందని తిట్టిపోసే మనిషి, తొందరలో తానే కలిపాడు! నాలుక కరుచుకుని ప్లేయరు వైపు కొస ఊడదీశాడు. మిక్సీ గిర్రున తిరుగుతున్నా హెడ్‌ఫోన్‌లో పాట తప్ప మరేమీ లేదు.

ఆ సాయంత్రం మిషనును తనే మోసుకొచ్చి కిటికీ పక్కన పెట్టాడు.

"ఇదేంటండీ?" అంది పిన్ని.

"నొక్కి చూడు."

మోటారు తిరిగింది. పాట చెక్కుచెదరలేదు. పిన్ని సగం కుట్టిన చొక్కా తెచ్చుకుని కూర్చుంది.

మిక్సీ కోసం వచ్చిన అక్కయ్య గుమ్మంలోనే ఆగిపోయింది. రేకు గీరుకుపోయిన బాబాయి వేళ్లు చూసి ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంత అవస్థ ఎందుకయ్యా? వచ్చి ఇక్కడ కూర్చోమని ఒక్క మాట అంటే పోయేది కదా?"

బాబాయి గొంతు తగ్గించాడు.

"అందామనే అనుకున్నానక్కా. రేకు కోయడమే తేలికనిపించింది."