తల వైపు నిలబడే పిల్ల

మా అమ్మాయి పోయిందన్న సంగతి నాకు ఆసుపత్రి మెట్ల మీద తెలిసింది. తనతో కలిసి పనిచేసే చిన్న నర్సమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల లోపలి నుంచి ఎప్పుడు వచ్చినా నేను అడిగే మాట ఒకటే, "తిప్పారా అమ్మా?" అని. ఆ పూట కూడా అదే అడిగాను. "ఇంక తిప్పక్కర్లేదు పెద్దమ్మా" అంది.

అది కార్తీకమాసం. ఇప్పుడు మా ఊరి కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. మా అమ్మాయి చదువుకున్న నర్సింగు కాలేజీ వాళ్ళు తన గురించి నాలుగు ముక్కలు రాస్తే వాళ్ళ పుస్తకంలో వేస్తామన్నారు. నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరం రాసి కూడా చాలా ఏళ్ళయింది. ఆయన పోయాక ఇంట్లో నేనూ తనే. ఇప్పుడు నేనొక్కదాన్నే గనుక, పొద్దుపోక మీతో చెప్పుకుంటున్నాను అనుకోండి.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో, ఐసీయూలో చేసేది మా అమ్మాయి. సెలవు దొరికితే బస్సెక్కి వచ్చి నాతో పాటు కళ్లంలో దిగేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అడిగాను, "అక్కడ నువ్వు చేసే పనేందే?" అని.

"మనుషుల్ని తిప్పుతానమ్మా."

"తిప్పడమేంది?"

"ఇదిగో, నువ్వు కాయలు తిప్పినట్టే. తిప్పకుండా వదిలేస్తే ఏమైద్ది?"

"అడుగు కాయకి చెమ్మ పట్టి మచ్చలొస్తయ్యి."

"మనిషీ అంతే. గొట్టం వేసి మిషన్ మీద పెట్టినోళ్ళు కదల్లేరు గదా. ఒకే పక్కన ఉంచేస్తే కింద ఊపిరితిత్తిలో కళ్ళె పేరుకుని నిమ్ము చేరిద్ది. అందుకని రెండు గంటలకోసారి తిప్పుతాం."

"దీనికా నిన్ను నాలుగేళ్ళు చదివించింది? తిప్పడం నేనే నేర్పేదాన్నిగా" అన్నాను. కాయల మధ్య కూలబడి పడీ పడీ నవ్వింది. ఆ ఘాటుకి నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గుతూనే చెప్పింది, "దగ్గొస్తే తిట్టుకోకూడదమ్మా. మిషన్ మీదున్నోళ్ళకి దగ్గే ఓపిక ఉండదు. వాళ్ళ బదులు మేం గొట్టంతో కళ్ళె లాగి తియ్యాలి. వాళ్ళ దగ్గు మేం దగ్గుతాం అనుకో."

నాకు పులితేన్పుల బాధ ఉంది. పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నేది. ఒక రోజు నా మంచానికి తల వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టింది. ఆసుపత్రిలో అందరికీ తల వైపు ఎత్తు పెడతారట. చదునుగా ఉంచితే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుందట. పక్కింటి మస్తాన్‌బీ వచ్చి చూసి, "ఏంది వదినా, ఈ వయసులో జారుడుబల్ల కావాల్సొచ్చిందా?" అని ఎగతాళి చేసింది. "నీ మంచానికీ పెట్టమంటావా అత్తా?" అని ఇటుక పట్టుకుని ఆమె వెంటపడింది మా పిల్ల. ముందు నేనూ విసుక్కున్నాను గాని, మంట మాత్రం తగ్గింది.

చేతులు కడిగి కడిగి తన వేళ్ళ సందులు పగిలి ఉండేవి. కొబ్బరినూనె రాద్దామంటే నా చేతులకి మిరపకాయల మంట. "నువ్వు ముట్టుకోబాకు తల్లీ" అని దణ్ణం పెట్టేది. నేను సీసా వంచి పోసేదాన్ని, తనే రాసుకునేది.

స్పృహ లేనివాళ్ళకి రోజూ నోరు శుభ్రం చేస్తానని చెప్పేది. ఊరికే చెయ్యదట, ముందు చెబుతుందట. "పెద్దాయనా, నోరు కడుగుతున్నా. అమ్మా, ఎడమ పక్కకి తిప్పుతున్నాం" అని.

"వాళ్ళకి వినపడుద్దా?" అని అడిగాను.

"వినపడుద్దో లేదో మనకి తెలీదు గదా. తెలీనప్పుడు చెప్పడమే మంచిది."

ఇంకో సంగతి కూడా తనే చెప్పింది. గొట్టం ఉన్న మనిషిని ఒక్కరే తిప్పకూడదు. ఇద్దరు ముగ్గురు పక్కల పట్టుకుంటే, ఒకరు తల వైపు నిలబడి తలా గొట్టమూ కదలకుండా పట్టుకోవాలి. లెక్క చెప్పేది ఆ తల వైపు మనిషే. ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒక్కసారి కదలాలి. చూస్తే ఇంతే ఉండేది మా పిల్ల, అయినా తల వైపు తనే నిలబడేదట. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చింది. సాయంత్రం మంచు పడకముందు కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పాలి. అవతలి కొస తను, ఇవతలి కొస నేను. "పట్టుకున్నావా? ఒకటీ, రెండూ..." అనేది. మూడు అన్నాకే లాగాలి. ముందే లాగితే మళ్ళీ మొదటి నుంచి.

ఆ కార్తీకంలో మామూలు జ్వరమే అనుకున్నాం. రెండు పూటలకే ఆయాసం వచ్చింది. నేను గుంటూరు చేరేసరికి తను పనిచేసే ఐసీయూలోనే, గొట్టం వేసి, వెంటిలేటర్ మీద పెట్టారు. రెండు వైపులా నిమ్ము అన్నారు డాక్టరుగారు.

రోజుకి ఒక్కసారి లోపలికి పంపేవాళ్ళు. మిగతా పొద్దంతా మెట్ల మీద. చుట్టూ అంతమంది జనం, మాట్లాడే మనిషి లేదు. నాకు మందుల సంగతి తెలీదు, మిషన్ అంకెలు తెలీవు. నా బిడ్డ బతకాలి, దానికి నేను చెయ్యగలిగింది ఏదీ లేదు. నాకు తెలిసిందల్లా తను చెప్పిన ఆ ఒక్క పనే. అందుకే నర్సు పిల్లల్ని అడుగుతుండేదాన్ని, తిప్పారా, తల ఎత్తు పెట్టారా, నోరు కడిగారా అని. వాళ్ళు విసుక్కోలేదు. "అన్నీ చేశాం పెద్దమ్మా. మీరు అక్కని మించిపోయారు" అనేవాళ్ళు.

"చెప్పి తిప్పండమ్మా."

"చెప్పకపోతే రేపు లేచాక అక్క మమ్మల్ని ఉంచుద్దా?" అంది చిన్న నర్సమ్మ. రేపు లేచాక అన్న ఆ మాట పట్టుకుని ఒక పూట అన్నం తిన్నాను.

ఆ తర్వాత ఒక రోజు లోపలికి వెళ్ళేసరికి నా బిడ్డ బోర్లా ఉంది. ముఖం ఒక పక్కకి తిప్పి, ఛాతీ కింద దిళ్ళు పెట్టారు. "అట్టా పడుకోబెడితే ఊపిరాడుద్దా అమ్మా?" అన్నాను. వీపు వైపు ఊపిరితిత్తికి గాలి బాగా అందాలని తిప్పారట. ఆ పూట ఆక్సిజన్ కాస్త పెరిగిందని కూడా చెప్పారు.

నెలల పిల్లగా తను మొదటిసారి బోర్లా పడినప్పుడు వీధి వీధంతా బొబ్బట్లు పంచాను. చెయ్యి పొట్ట కింద ఇరుక్కుని, ముక్కుతూ మూలుగుతూ, తల పైకెత్తి ఎంతో గొప్ప పని చేసినట్టు నా వంక చూసింది. ఆసుపత్రిలో ఆ మంచం పక్కన నిలబడి అదే కనిపెట్టుకుని ఉన్నాను, తల ఎత్తుతుందేమోనని. "టైమైంది పెద్దమ్మా" అనే దాకా అలాగే చూశాను.

పెరిగిన ఆక్సిజన్ మళ్ళీ పడిపోయింది. చెయ్యాల్సిందంతా చేశారు. నేను కళ్ళారా చూశాను గనుక ఆ మాట రాస్తున్నాను.

ఇంటికి తెచ్చేటప్పుడు నర్సు పిల్లలు కూడా అంబులెన్సులో వచ్చారు. వాకిట్లో దించడానికి మగవాళ్ళు కాళ్ళ దగ్గర, నడుం దగ్గర చేతులు వేశారు. చిన్న నర్సమ్మ వాళ్ళని ఆపింది. "తల వైపు ఎవరు?" అంది.

"నేను" అన్నాను.

"నువ్వు ఇవతలికి రామ్మా, మేం చూసుకుంటాం" అన్నారెవరో. మస్తాన్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే కసిరింది, "తల్లి గదయ్యా. పట్టుకోనియ్యండి."

రెండు చేతులూ తల కింద పెట్టాను. పుట్టినప్పుడు మంత్రసాని నా ఒళ్ళో పెడుతూ చెప్పింది కూడా అదే, తల కింద చెయ్యి పెట్టమని. అప్పుడు అరచేతిలో సరిపోయింది. "లెక్క మీరే చెప్పాలి పెద్దమ్మా" అంది ఆ పిల్ల. వంగి నా బిడ్డ చెవిలో చెప్పాను, "అమ్మా, ఇంటికొచ్చాం. దించుతున్నాం" అని. ఒకటి అన్నాను. రెండు అన్నాను. మూడు అనడానికి నోరు రాలేదు. అంతమందీ చేతులు అలాగే ఉంచి, నా ముఖం వంక చూస్తూ ఆగారు. చివరికి అన్నాను.

చాప మీద చదునుగా పడుకోబెట్టారు. తల కింద దిండు పెడతానంటే ఇప్పుడెందుకులే అన్నారు. నా మంచం కింద ఇటుకలు మాత్రం ఎవర్నీ తియ్యనివ్వలేదు.

ఈ ఏడు కాయ బాగా వచ్చింది. పగలంతా తిప్పుతున్నాను, దగ్గొస్తే దగ్గుతున్నాను. పొద్దు వాలాక పట్ట దగ్గరికి వస్తే నా కొస నేను పట్టుకుంటాను. ఒకటి, రెండు అని అవతలికి చూస్తాను. ఆ కొస నేల మీదే ఉంటుంది. గాలికి కాస్త పైకి లేస్తుంది, మళ్ళీ నేల మీద పడుతుంది. లేస్తుంది, పడుతుంది.