బెరడు రంగు కంబాలు

నా నోరు మంచిది కాదని మా వాళ్లందరంటరు. అననియ్యి. గేటు పడ్డంక మోటర్‌సైకిల్‌ను పండవెట్టి కిందికెళ్లి గుంజుకపోయెటోన్ని బతిమిలాడితే ఇంటడా? రైల్వేల గేటు పని చేసే నా పెనిమిటి గుండెపోటుతోని పోయినంక ఆ నౌకరి నాకిచ్చిండ్రు. సిరిసిల్లల బట్టలు నేసే సాంచెల సప్పుడు నడుమ పుట్టి పెరిగినదాన్ని, తీస్కచ్చి ఆదిలాబాద్ దిక్కు పులుల అడవి అంచుకు ఒక గేటు కాడ కూసోవెట్టిండ్రు. మొదట్ల రోజు ఏడ్చేదాన్ని. సాంచెల సప్పుడుకు అలవాటైన చెవులకు ఆ సప్పుడు లేని తనం పిచ్చి లేపేది.

నన్ను నిలబెట్టింది ఆ గేటు గది ముందటి జాగనే. నిలబడితే ఎదురుంగ పట్టాలు వంపు తిరిగి పోతయి, వాటి అవతల టేకు అడవి, అడవి దాటినంక ఒక గుట్ట. పొద్దుగాల పొగమంచు లేస్తుంటే గుట్ట మెల్లగ బయటికొస్తది. డ్యూటీ ఎక్కంగనే ఒక చాయ్ పట్టుకొని అదే చూసేదాన్ని. ఇంట్ల మనిషి పోయిన రంది ఆ కాసేపు తగ్గేది. అది నిజం, ఎవ్వరు నవ్వినా నాకేం సిగ్గు లేదు.

గుట్ట కింద గోండుల గూడెం ఉన్నది. గుట్ట మీద వాళ్ల దేవుడు. ఆ గూడెం పటేలు పెద్ద మనిషి, తలకు తెల్ల రుమాలు సుట్టుకొని అంగడికి పోంగ, రాంగ నా గేటు కాడ ఆగేటోడు. నన్ను బాయి అని పిలిచేది, మనం అక్కా అన్నట్టు. చాయ్‌ల శెక్కర తక్కువైతే మొఖం మీదనే చెప్పేది, నేను ఊకోకుండ అంటించేదాన్ని, గట్ల మాకు దోస్తీ అయ్యింది. ఆయనకు ఒక తమ్ముడు. ఆ తమ్ముడు ఎక్కువ మాట్లాడడు గాని దీపావళికి ఆడే దండారి ఆటల్ల డోలు కొడితే ఆ సప్పుడు నా గేటు దాక వచ్చేది.

ఒక యేడు మా లైనుకు కరెంటు తీగెలు గుంజుతున్నరని తెలిసింది. డీజిల్ ఇంజన్లు పోయి కరెంటు ఇంజన్లు వస్తయట. నేను బయటి స్టేషన్లల్ల చూసిన గా కంబాలను. తెల్లగ మెరుసుకుంట, నెత్తి మీద ఇనుప చేతులు సాపుకొని, కనుచూపు దాక నిలబడి ఉంటయి. నా కండ్ల ముందటి అడవిని నడుమకు కోస్తరన్నట్టే అనిపించింది. రెండు మూడు దినాలు ఎవ్వలతోని సక్కగ మాట్లాడలే.

అడవోళ్లు, గదే ఫారెస్టోళ్లు, కూడ ఒప్పుకోలే. ఇది కాపాడుకునే అడవి, చూడనీకి జనం దూరం నుంచి వస్తరు, ఎట్లబడితే అట్ల కంబాలు పాతుతమంటే కుదరదన్నరు. అందుకని ఉట్నూర్ నుంచి జీపుల అడవి అధికారి, ఇటు రైల్వే ఇంజినీరు, గూడెం పెద్దమనుషులు అందరు నా గేటు పక్కన టెంటు ఏసుకొని కూసున్నరు. సార్లు సార్లు మాట్లాడుకుంటుంటే పటేలు చాన సేపు ఇన్నడు. ఆఖరికి లేసి నిలబడి చెప్పిండు.

"రైలును మేము ఆపుతలేము సార్. గుట్ట మీద మా దేవుడు పొద్దు పొడిచే దిక్కు చూస్తడు. ఆయన కండ్లకు గా కంబాలు అడ్డం రావొద్దు. గింతే."

నన్నెవ్వరు అడగలే. అయినా నేను ఊకుంటనా? మాకు సుత అడ్డం రావొద్దు సార్, మేము ఈడ ఇరువై నాలుగు గంటలు బతికేటోళ్లమని అందరి నడుమ అన్న. ఇంజినీరు నవ్విండు. మంచోడే ఆయన, పడుసు పిలగాడు, కొత్తగ వచ్చిండు. చేయగలిగినంత చేస్తనన్నడు, చేసిండు కూడ. వంపు కాడ కంబాలను టేకు చెట్ల దిక్కు జరిపిండు. ఎంత పొట్టిగ ఉండొచ్చో అంత పొట్టివి తెప్పిచ్చిండు. ఎర్ర అక్షరాల ప్రమాదం బోర్డులు కంబం కంబానికి కొట్టకుండ, రోడ్డు మీద పోయెటోళ్లకు కనబడేటట్టు గేటు కాడ రెండు పెట్టిండు. కంబాలకు మాత్రం రంగు ఎయ్యాలె, ఏ రంగని పటేలునే అడిగిండు.

ఆకు రంగు ఎయ్యుమని నేనన్న. వానకాలం, అడవంత పచ్చగ ఉన్నది మరి. పటేలు నన్ను చూసి పకపక నవ్విండు. టేకు ఆకు రాలితే అడవంత ఉత్త మోడులే ఉంటయి, గప్పుడు నీ పచ్చ కంబాలు ఆడనే కొట్టొచ్చినట్టు కనబడ్తయి బాయి, చీరల రంగు కాదు ఇది అన్నడు. పోయి ఒక టేకు బెరడు ముక్క తెచ్చి ఇంజినీరు చేతుల పెట్టిండు. గదే రంగు కలిపిండ్రు.

పని అయినంక పటేలు నన్ను గుట్ట ఎక్కిచ్చిండు. మోకాళ్లు నొస్తున్నయని మొత్తుకుంట ఎక్కిన. దేవుని పక్కన నిలబడి చూస్తే ఏం లేదు. కండ్లు చికిలించినా లేదు. కొత్తల మెరిసిన రాగి తీగె ఒక్క వానకాలం పోయేసరికి నల్లబడి అడవిల కలిసిపోయింది. రైలొస్తే తప్ప ఆడ లైనున్నదనే తెల్వది. పటేలు మొఖం చూడాలె గప్పుడు. మాకోసం ఇంత పెద్ద సర్కారు మాట ఇన్నది బాయి అని మళ్ల మళ్ల అన్నడు. తమ్ముని భార్య ఇంట్ల జొన్న రొట్టె, మెంతికూర పెట్టింది. నాకు ఆ దినం మస్తు సంతోషమైంది. మేమందరం కలిసి ఏదో గెలిచినమనుకున్న.

కరెంటు ఇడిసే ముందట మైకు పెట్టుకొని బండి వచ్చింది. తీగె కింద గొడుగు ఎత్తొద్దు, కట్టె ఎత్తొద్దు, తీగెను ముట్టే పని లేదు, దగ్గరికి పోతేనే గుంజుతదని చెప్పుకుంట తిరిగిండ్రు. గూడెమోళ్లు చాన బుగులు పడ్డరు. పిల్లగాండ్లను పట్టాల దిక్కు రానియ్యలే. కొన్ని దినాలు గట్లనే నడిచింది. తర్వాత మరిచిపోయిండ్రు. మరువరా? కండ్లకు కనబడని దానికి మనిషి ఎన్నొద్దులని భయపడ్తడు? నేను సుత ఒక్కొక్కసారి పైకి చూసుడే మరిచేదాన్ని, నేను దాని కింద నౌకరి చేసేదాన్ని.

గూడెమోళ్లు అడవి నుంచి బరువు మోసుకొచ్చేటప్పుడు గేటు దాక తిరిగి రారు. వాళ్లకు జర అవతల పట్టాల కట్ట మీదికెళ్లి ఒక కాలితొవ్వ ఉన్నది, నా గదికి కనబడ్తది. కట్ట ఎక్కినంక దమ్ము తీస్కొని, భుజం మార్చుకొని దిగుతరు. వెదురు బొంగు అయితే పొడుగు ఉంటది కదా, దాన్ని భుజం మీదనే అటిటు చేయరాదు. మొదలు కింద మోపి నిలవెట్టి ఇంకో భుజం మీదికి పండవెట్టుకుంటరు. వాళ్ల తాతల నాటి నుంచి ఆడ గట్లనే మార్చుకుంటరు.

దీపావళికి ముందట, దండారికి పందిరి ఎయ్యాలని పటేలు తమ్ముడు, ఆయన భార్య బొంగులు కొట్టుకొని వస్తుండ్రు. పొద్దుగాల. బొంగు పచ్చిది, మంచుకు తడిసి ఉన్నది. నేను చాయ్ గిలాస పట్టుకొని వాళ్లను చూస్తనే ఉన్న. ఆయన కట్ట ఎక్కిండు. నిలబడ్డడు. బొంగును నిలవెట్టిండు.

అరుద్దామని నోరు తెరిచిన, అంతల్నే సప్పుడైంది. ఆ సప్పుడు ఎట్లున్నదో నేను చెప్పలేను, చెప్ప. స్టేషన్‌కు ఫోన్ కొట్టి కరెంటు బందు పెట్టుండ్రని చెప్పి ఉరికిన. ఆయన కట్ట మీద పడి ఉన్నడు, బట్టలకెళ్లి పొగ వస్తుంది, బొంగు ఇంకా తీగెను ఆనుకొనే ఉన్నది. భార్య ఆయన మీదికి పోతుంది. నేను ఆమె నడుము పట్టుకొని ఎనుకకు గుంజిన. ముట్టకు, ముట్టకు, నువ్వు సుత పోతవు అని అరుస్తున్న, ఆమె నన్ను గోళ్లతోని రక్కుతుంది. స్టేషన్ నుంచి బందు పెట్టినమని ఫోన్ వచ్చేదాక, గేటు కాడ ఆగిన ఒక కూలీ ఫోనెత్తి ఆ మాట నాకు అరిచి చెప్పేదాక, ఆమెను నేను ఇడువలే. మొగడు కండ్ల ముందట కాలిపోతుంటే పెండ్లాన్ని పట్టుకొని ఆపుడు. అసొంటి పని పగోనికి సుత రావొద్దు.

పానం దక్కింది. కుడి చెయ్యి మాత్రం భుజం కాడికి తీసేసిండ్రు, కరీంనగర్ పెద్ద దవాఖానల. ఆ యేడు గూడెంల పందిరి పడలే, డోలు మోగలే.

విచారణకు వచ్చిన సార్లు నా గదిల కుర్చీలేసుకొని కూసున్నరు. మైకుల చెప్పినం, గేటు కాడ బోర్డు ఉన్నది, మనిషి నిర్లక్ష్యమే అన్నరు. నా దిమాక్ ఖరాబైంది. బోర్డు రోడ్డుకు మొఖం పెట్టి ఉన్నది సార్, ఆయన అడవికెళ్లి వచ్చిండు, బోర్డు ఈపు చూసి ఏం సదువుకుంటడు అన్న. వాళ్లల్ల ఆ పడుసు ఇంజినీరు సుత ఉన్నడు, తల ఎత్తలే. అందరు పోయినంక నా దగ్గరికి వచ్చి మెల్లగ చెప్పిండు. పసుపు రంగు ఏసి బోర్డులు కొట్టుడు తనకు ఒక్క వారం పని అట. కాని కనబడొద్దని అడిగింది గూడెం, ఒప్పుకున్నది అడవోళ్లు. మళ్ల గూడెమే అడిగితే తప్ప అడవోళ్లు కదలరు. పటేలు నోటితోని చెప్పాలె.

పటేలు అప్పటికే నా గేటు కాడ ఆగుడు బందు పెట్టిండు. అంగడికి పోయినా తల వంచుకొనే పోతుండు. ఎవ్వరు చెప్తరు ఆయనకు? ఎట్ల చెప్తరు? ఆయన బతుకుల సర్కారు ఇన్న మాట అదొక్కటే. దాన్ని నువ్వే వాపస్ తీస్కోమని అనాలె. ఇంకొకలు గా తొవ్వల పడిపోతరని నాకు నిద్ర పట్టలే. డ్యూటీ దిగినంక ఒక పగలు గూడెం పోయిన.

తమ్ముడు మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకొని ఉన్నడు. ఆయన భార్య నాకు నీళ్లిచ్చింది. నా చేతి మీద ఆమె రక్కిన గీతలు చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. పటేలు అరుగు మీద కూసొని ఉన్నడు. నేను తిప్పి తిప్పి చెప్పుడు రానిదాన్ని.

"పటేలా, గా కంబాలు అందరికి కనబడాలె. నువ్వే అడగాలె," అన్న.

ఆయన లేసి చేండ్లల్లకు నడిచి పోయిండు. నా నోట్ల మన్నువడ, పుండు మీద కారం సల్లినట్టు ఎందుకన్ననని తొవ్వంత నన్ను నేను తిట్టుకున్న.

కాని వచ్చిండు. ఇంజినీరు, అడవి అధికారి మళ్ల వచ్చిన దినం పటేలు రుమాలు సుట్టుకొని, తమ్మున్ని ఎంట పెట్టుకొని గేటు కాడికి వచ్చిండు. తమ్ముని అంగీ చెయ్యి ఖాళీగ ఊగుతుంది. ఇంజినీరుకు పాపం జాలేసింది. ఒక్క కాలితొవ్వ కాడి కంబాలకే పసుపు ఏస్తం, గుట్టకు ఎదురుంగ ఉన్నయి బెరడు రంగుతోనే ఉంచుతం, మీ దేవునికి ఏం అడ్డం రాదు అన్నడు. పటేలు మొఖం ఒక్కసారి ఇప్పారింది. నేను చూసిన. ఆయన ఒప్పుకుంటడనుకున్న, ఒప్పుకుంటే బాగుండని సుత నాకు లోపట ఉన్నది. ఆయన గుట్ట దిక్కు చూసిండు, తర్వాత తమ్ముని దిక్కు చూసిండు.

"వద్దు సార్. అన్నిటికి ఎయ్యుండ్రి. అడవికెళ్లి వచ్చెటోళ్లు ఒక్క తొవ్వల రారు," అన్నడు.

అడవి అధికారి సరేనన్నడు. సార్లు జీపెక్కి పోయిండ్రు. అన్నదమ్ములు ఇద్దరే గది ముందట నిలబడ్డరు, నేను లోపట చాయ్ పెడుతున్న. దవాఖాన నుంచి వచ్చినంక ఒక్క ముచ్చట సుత మాట్లాడని తమ్ముడు గప్పుడు నోరు తెరిచిండు.

"దాదా, దేవుడు కోపం జేస్తే నేనడిగిన్నని చెప్పు. నా దగ్గర ఇంకేం తీస్కుంటడు."

పటేలు రుమాలు ఇప్పి మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. నేను గిలాసలు పట్టుకొని గడప లోపటనే నిలబడిపోయిన. 

ఇప్పుడు మా లైనంత పసుపు కంబాలే, ప్రతిదానికి ఎర్ర బోర్డు. నా కండ్ల ముందటి అడవి పాడైంది, నాకు నచ్చలే, నచ్చుతదని అబద్ధం చెప్ప. రంగు ఏసినంక మొదటిసారి పటేలు పూజకు గుట్ట ఎక్కి, దిగి, నా గేటు కాడికి వచ్చి కూసున్నడు. ఏం చెప్పినవు దేవునికి అని అడిగిన.

"ఏం చెప్పలే బాయి," అన్నడు. "నా తమ్ముని చెయ్యి ఏదని నేనడగలే. గా రంగు ఏందని ఆయన అడగలే."