తీసేయ్

అనకాపల్లి బైపాస్ పక్కన బాజీకి చక్రాల సొట్టలు తీసే షెడ్డుంది. ముప్పయ్యేళ్లుగా ఇనుప చక్రాలు సరిచేసిన చేయి అతనిది. అల్లాయ్ వీలు దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడుతుంది. దెబ్బ వేస్తే ఇనుము వంగుతుంది, ఇది పగులుతుంది.

ఆ ఉదయం పాత ఖాతాదారు ధనరాజ్, తుమ్మపాల దారిలో గోతిలో పడి సొట్టపోయిన తన కారు అల్లాయ్ వీలొకటి దింపి పనిమీద వెళ్లిపోయాడు. మట్టి కడిగితే స్పోక్ మొదట్లో వెంట్రుకంత పగులు కనబడింది. బాజీ ఫోన్ చేశాడు.

"ధనరాజూ, ఇందులో పగులుంది. ఏటి సేద్దాం?"

"ఇంకేటి మామా, తీసేయ్!"

ఫోన్ కట్టయింది. తీసేయడమంటే సొట్ట తీసేయడమా, వీలునే పనికిరాదని తీసేయడమా? మళ్లీ చేస్తే ఎత్తలేదు. బాజీ సుత్తి ఎత్తాడు, దించాడు. వెల్డింగు పెడితే పైకి నున్నగానే ఉంటుంది, కానీ దాని మీద పిల్లాపాపలతో తిరిగేది ధనరాజే. చిర్రెత్తుకొచ్చి, ఇంకెవరూ బిగించకుండా కటింగ్ మిషన్‌తో వీలును రెండు ముక్కలు చేశాడు.

సాయంత్రం వచ్చిన ధనరాజ్ లబోదిబోమన్నాడు. "సొట్ట తియ్యమంటే సక్రమే తీసేసేవేటి మామా!"

బాజీ ఒక ముక్క అతని చేతికిచ్చాడు. పగులు లోపల సగందాకా పాకి ఉంది. ధనరాజ్ దాని వెంట గోటితో గీసి చూశాడు.

"కారుకున్న మిగతా మూడూ కూడా సూడు మామా. పగులుంటే తీసేయ్."

బాజీ సుత్తినీ కటింగ్ మిషన్‌నీ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఏది తియ్యాలో నువ్వే తీసి సూపించు!"