వదిన పెట్టుకున్న హెడ్‌ఫోన్లు

దుబాయి మిషనుకు దొరకని మా అమ్మ మెడలోని బంగారు గుండ్లపేరు మా అన్న గడ్డపారకు దొరికిందని మా చుట్టాలు చెప్పుకునే కథ అబద్ధం. సగం అబద్ధం కూడా కాదు, మొత్తం అబద్ధం. మొన్న రాజంపేటలో మేనకోడలి కొడుకు పుట్టువెంట్రుకల బంతిలో మా పెద్దబావ మళ్లీ అదే ఎత్తుకున్నడు. "డిగ్రీ చదివిన మా మరదలు వైర్లు కోసి, చెవులకు డొప్పలు కట్టి, వాకిలంత ఊడ్చిపెట్టింది. ఆఖరికి దొరికిందెవలికి? అచ్చరం ముక్క రాని నా బామ్మర్దికి" అనంగనే బంతి బంతంతా నవ్వింది. పప్పు వడ్డిస్తూ వస్తున్న మా వదిన నా విస్తట్లో గంటెడు వేసి, నా మొఖం చూడకుండ ముందుకు పోయింది. బావ మాట కంటె ఆమె చూడకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది. సాయంత్రం కామారెడ్డి బస్సులో కూర్చున్నప్పుడే నిశ్చయించుకున్న, ఇది రాసి తీరాలని.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు గాని, మన అమ్మలు బంగారం ఎక్కడ దాచేవాళ్లో ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. బియ్యం కాగులో, గాదె కింద, పొయ్యి వెనక గోడలో, గొడ్ల కొట్టంలో గుంజ మొదట్లో, ఎవరి జాగ వాళ్లది. పది రోజులు పరాయి ఊరికి నాట్లకు పోవాల్సి వస్తే ఒంటి మీది సొమ్ము తీసి మట్టిలో పెట్టి, ఆ జాగ కట్టుకున్న మొగనికి కూడా చెప్పకుండ పోయేవాళ్లు, ఎందుకంటే చెప్పిన జాగ దాచిన జాగ కాదని వాళ్ల లెక్క. ఎల్లారెడ్డిలో మా అమ్మ కూడా ఆ బడిలో చదివిన మనిషే. బీడీలు చుట్టి, నాట్లు వేసి, అమ్మమ్మ ఇచ్చిన గుండ్లపేరును కష్టకాలంలో కూడా అమ్ముకోకుండ నిలుపుకున్నది.

నాకు ఆపరేషన్ అయిన ఏడు అమ్మ నాకు సాయంగా కామారెడ్డి వచ్చి రెండు నెలలు ఉన్నది. తిరిగి పోయినంక గుండ్లపేరు కనిపించలేదు. పెట్టెలోనే పెట్టిన, ఇంట్లనే పోయింది అని ఒక్క మాట అని అమ్మ నోరు మూసుకున్నది. ఆ రెండు నెలలు ఇంట్లో ఉన్న ఆడమనిషి వదిన ఒక్కతే. ఆమెను అనుమానించింది అందరం, పైకి అన్నది మాత్రం నేను. నా నోరు ఎట్లాంటిదో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. దసరాకు బీర్కూరులోని తల్లిగారింటికి బయలుదేరిన వదిన బ్యాగును, అన్న చూస్తుండగా, అమ్మ చూస్తుండగా, అరుగు మీద బోర్లించిన. రెండు చీరలు, పిల్ల గౌను, ఒక కవర్లో మురుకులు. అంతే. వదిన మురుకులు ఏరి మళ్లీ కవర్లో వేసుకున్నది. ఆ తర్వాత పదకొండేండ్లు ఆమె బీర్కూరుకు ఉత్త చేతులతో పోయింది, ఉత్త చేతులతో వచ్చింది. మార్చుకునే చీర కూడా తీసుకుపోయేది కాదు.

ఇక మిషను సంగతి. అమ్మ వాళ్ల గోడకు ఆవలి గోడ, ఖాలా అని మేము పిలిచే పక్కింటి ముస్లిం పెద్దమ్మ వాళ్లది. ఖాలా పెద్దకొడుకు, నేను భాయి అనే పిలిచేదాన్ని, దుబాయి నుంచి వస్తూ ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చిండు. పొడుగు కర్ర, చివర పళ్లెం లాంటి చుట్ట, దాన్ని నేల మీద అటు ఇటు ఆడిస్తే ఇనుమో ఇత్తడో ఉన్న చోట కూస్తది. పొలంలో పడిపోయిన ట్రాక్టర్ పిన్నులు, నాట్లలో జారిపోయిన పట్టగొలుసులు వెతికి ఇచ్చి మంచి పేరే తెచ్చుకున్నడు. చిక్కు ఏందంటే, స్పీకర్ పెడితే వాడకట్టంతా మూగుతది, లంకెబిందెలు తవ్వుతున్నరని పుకారు లేస్తది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ వైరు నడుముకు చుట్టుకుంటది, వరి కర్రలకు తగులుకుంటది, మాటిమాటికి ఊడుతది. వైరు లేకుండ చేసి పెట్టు చెల్లె అని కామారెడ్డిలో మా టీవీ రిపేరు దుకాణానికి తెచ్చిండు.

దుకాణం మా ఆయనది అని బోర్డు చెప్పేది గాని, ఆయనకు చెయ్యి వణుకు మొదలైన నాటి నుంచి టంకం పెట్టేది నేనే. బీయస్సీ ఎలక్ట్రానిక్స్ ఊరికే చదవలేదు. మొదట అందరూ సలహా ఇచ్చినట్టు బ్లూటూత్ పెట్టిన. మీకు సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి. పాటలకు బ్లూటూత్ బాగానే ఉంటది గాని, మిషను కూసినంక ఒక రెప్పపాటు ఆలస్యంగా చెవికి చేరుతది, అంతలో చెయ్యి ముందుకు పోతది. వెనక పెరట్లో పాతిన తాళంచెవి కోసం జానెడు అవతల రెండుసార్లు తవ్విన. అది పీకి పారేసి, కార్లో పాటలను రేడియోకు పంపే చిన్న ఎఫ్ఎం డబ్బను మిషనుకు హెడ్‌ఫోన్లు గుచ్చే రంధ్రానికి కలిపి, బ్యాటరీ కట్టిన. హెడ్‌ఫోన్ల వైరు మొదట్లో కోసి, ఎడమ డొప్పలో పాత జేబు రేడియో బోర్డు కూర్చోబెట్టి, ఏరియల్ కోసం జానెడు తీగ తలపట్టీ వెంట కుట్టిన. పాటల స్టేషన్ పక్కన ఖాళీగా ఉన్న చోట రెండింటిని కలిపిన. కూత ఎక్కడ పుడితే అక్కడనే వినిపించింది. ఆలస్యం లేదు, గరగర లేదు. ఇప్పటికీ ఆ పనికి నేను సిగ్గుపడను.

దాన్ని అప్పజెప్పడానికి ఎల్లారెడ్డి పోయిన నాడు, మొదటి పరీక్ష మా వాకిట్లోనే చేస్తనన్న. పైకి మాత్రం అమ్మ గుండ్లపేరు ఏమన్నా దొరుకుతదేమో చూద్దామన్న. లోపల ఏమనుకున్ననో దాచను: ఏమీ దొరకదు, నేను అన్న మాటే నిజమని తేలుతది అనుకున్న. అప్పటికి అమ్మకు మతిమరుపు బాగా ముదిరి, మంచంలో కూర్చుని ఒకోసారి నన్నే ఎవరి పిల్లవు అని అడిగేది.

నేను హెడ్‌ఫోన్లు తలకు పెట్టుకోబోతుంటే వదిన వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను వింట. పదకొండేండ్లు మీరు అన్నయి విన్న. ఇయ్యాల నా చెవులతోని నేను వింట" అన్నది. కాదనే మొఖం నాకెక్కడిది. వైరు లేదు కాబట్టి మిషను నా చేతిలో, చెవులు ఆమెవి. ఆమె మూడడుగుల దూరంలో నడిచింది, నేను ఆడించుకుంటూ పోయిన. ఉన్నది అని వదిన అంటే అన్న తవ్వేటోడు. బీడీ ఆకు కత్తిరించే రేకు ఒకటి, విరిగిన కత్తెర, కొడవలి ముక్క. గడప కాడ ఉన్నది అనంగనే అమ్మకు ఎక్కడలేని తెలివి వచ్చి, గడప కింద పంచలోహాలు పెట్టి ఇల్లు కట్టినం, ముట్టుకుంటే చేతులు విరుగుతయి అని మంచం మీద నుంచే తిట్టింది. నీళ్ల గోలెం చుట్టూ తిప్పిన. వదిన తల అడ్డంగా ఊపి, "ఏం లేదు, సాగు" అన్నది. సాగిన. వాకిలి అయిపోయింది. భాయి చిన్నబుచ్చుకున్నడు, అన్న గడ్డపార మూలకు పెట్టిండు, నేను ఆ రాత్రి డొప్పలు విప్పి ఒక్కొక్క టంకం తడిమి చూసుకున్న.

తెల్లారి ఖాలా గోడ మీద నుంచి పిలిచింది. ఆమె బీడీలు చుట్టుకుంటూ బటన్ ఫోన్లో ఎఫ్ఎం పాటలు వినేది. "అరె బేటీ, నిన్న నీ మిషను నా పాట మొత్తం ఖరాబ్ చేసింది. గోడ మీద నుంచి చూస్తనే ఉన్న, నువ్వు గోలెం కాడ తిప్పినప్పుడైతే కుయ్యి కుయ్యి అని చెవి పగిలేటట్టు కూసె. నీకు గట్ల వినపడలేదా?" అన్నది.

అంటే గోలెం కాడ కూత పుట్టింది. గోడ అవతలి ఫోనుకు వినబడ్డ కూత మూడడుగుల దూరంలో ఉన్న వదిన చెవికి వినబడలేదంటే నేను నమ్మను, ఆ టంకం నేను పెట్టిన.

మధ్యాహ్నం అన్నావదినలు పొలం పోయినంక, అమ్మ కునుకు తీస్తుండగా, గోలెం మొదట్లో గడ్డి తీసే కుర్పితో తవ్విన. మూరెడు లోతున అమ్మ తంబాకు డబ్బ, ఇత్తడిది, మూత మీద సొట్ట. లోపల అమ్మ పాత చీర కొంగుముక్కలో గుండ్లపేరు. కామారెడ్డికి నా కోసం వస్తూ అమ్మే పెట్టుకున్నది, పెట్టిన జాగ మరిచిపోయినట్టున్నది. వెనక అడుగుల చప్పుడైతే చూసిన. మరిచిపోయిన సద్దిగిన్నె కోసం వదిన తిరిగి వచ్చింది.

ఆమె ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా కూర్చుని, "కప్పెయ్యి. అత్త ఉన్నన్ని రోజులు అది అక్కడనే ఉండనియ్యి" అన్నది. నిన్ను పదకొండేండ్లు దొంగను చేసినం కదా అంటే, "నన్ను అన్నరు, నేను మోసిన. గీ వయసుల ఆమెను అంటే ఆమె మొయ్యదు" అన్నది. డబ్బ నన్ను తీసుకుపొమ్మన్నది, అమ్మ పేరు దాని మీద ఉన్నట్టేనని, చూసినవాళ్లు అమ్మే పెట్టిందని పట్టేస్తరని. గుండ్లపేరును ఉత్త గుడ్డలో చుట్టి మేమిద్దరమే మళ్లీ పూడ్చినం. నేను ఏడ్చిన. ఆమె చేతులు కడుక్కుని సద్దిగిన్నె పట్టుకుని పొలం పోయింది.

రెండేండ్లకు అమ్మ పోయింది. వాకిట్లో టైల్స్ వేయించడానికి అన్న గోలెం జరిపి తవ్వినప్పుడు గుడ్డమూట బయటపడ్డది, గడ్డపార కథ అక్కడ పుట్టింది. ఎవడో దొంగ పెట్టి తీసుకోలేకపోయిండని కొందరన్నరు. వదినే పెట్టి భయపడి ఊరుకున్నదని మరికొందరన్నరు, ఇంకా అంటున్నరు. నేను నోరు తెరవబోయిన ప్రతిసారి, పోయినామెను ఎందుకు లాగుతవు అని ఆమె నా నోరు మూసింది. ఇంత నోరున్నదాన్ని, ఆమె ముందర మూగదాన్నయిన.

ఇప్పుడు ఆ వాకిట్లో మట్టి కనబడదు. నీళ్లు స్లాబు మీది ప్లాస్టిక్ ట్యాంకులోకి ఎక్కినయి, బంగారం బ్యాంకు లాకర్లోకి పోయింది, దాని తాళం ఎక్కడుందో ఇంటిల్లిపాదికి తెలుసు. మంచిదే. కాని ఒక మనిషి మరొక మనిషి పరువును ఇన్నేండ్లు చప్పుడు లేకుండ దాచిపెట్టడం కూడా ఆ మట్టితోనే పోయిందేమోనని నాకు అనిపిస్తది.

ఈ మధ్య ఒకటి జ్ఞాపకం వచ్చి నిద్ర పట్టనిస్తలేదు. ఏటేటా ఎండాకాలం గోలెం జరిపి అడుగు కడగడం మా ఇంటి రివాజు. ఆ పదకొండేండ్లలో వదిన దాన్ని ఎవరినీ జరపనియ్యలేదు. నడుము వంచి లోపలికి దిగి తానే కడిగేది. పనికి వెనకాడని మనిషని అప్పుడు అనుకున్నం.

వదినా, ఇది నువ్వు చదువుతవు, చదివి తిట్టు, పడుత. ఆ కూత విన్నంకనే నీకు తెలిసి, ఆ ఒక్క క్షణంలోనే మా అమ్మను కాపాడినవా, లేక గోలెం కింద ఏమున్నదో మొదటి నుంచి తెలిసే, ఇంకెవరి చెవిలోనూ పడకూడదని నా చేతిలో నుంచి ఆ హెడ్‌ఫోన్లు తీసుకున్నవా?