రివర్స్ లేని ప్రయాణం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో అద్దె ట్రైలర్లు లేవు కాబట్టి అక్కడితో ఆపారు గాని, ఉండి ఉంటే మూడోది కూడా తప్పకుండా కలిపేవారు. ఆ రోజుల్లో, అంటే నాకు తల మీద జుట్టూ నా మీద నాకు నమ్మకమూ రెండూ దండిగా ఉన్న రోజుల్లో, మేం కెనడాలో, విండ్సర్‌లో ఉండేవాళ్ళం. కార్ల ఫ్యాక్టరీల ఊరది. మా ఆఫీసులో ప్రతివాడికీ ఒక పికప్ ఉండేది. వాళ్ళు దాని వెనక పడవలు, మంచు మీద నడిపే బళ్ళు తగిలించుకుని సోమవారం పొద్దున వాటి కబుర్లు చెబుతుంటే వినలేక నేనూ ఒక పికప్ కొన్నాను. ఉన్నవాటిలోకెల్లా చిన్నది. (మా ఆవిడ దాన్ని చూసి, "లారీకి నెలలు నిండకుండా పుట్టినట్టుందండీ" అంది.) దాంట్లో నేను అప్పటివరకు మోసిన అతి పెద్ద బరువు బియ్యం బస్తా.

టొరంటో పక్కన మార్కమ్‌లో నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. సామాను తరలించడానికి మనుషుల్ని పెడదామని మా ఆవిడ అంటే, ఇంట్లో పికప్ పెట్టుకుని పరాయివాళ్ళెందుకని నేనే వెళ్ళి, బండి వెనక తగిలించుకునే గదిలాంటి ట్రైలర్ ఒకటి అద్దెకు తీసుకున్నాను. తగిలించాక చూస్తే అది మా పికప్ కంటే ఒక బెత్తెడు పెద్దగా ఉంది. తా దూర కంత లేదు, మెడకో డోలు. అద్దె దుకాణం అతను ఓపికగా చెప్పాడు. రివర్స్ చేసేటప్పుడు ట్రైలర్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలట, ఎడమకు పోవాలంటే కుడికట. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, తలకు వెంటనే అర్థమైంది. చేతులకే కాలేదు. మూడోసారి ట్రైలర్ అడ్డం తిరిగి వాళ్ళ దుకాణం బోర్డును పలకరించాక అతను నా భుజం మీద చెయ్యి వేసి, "సర్, మీరు వీలైనంత వరకు ముందుకే వెళ్ళండి" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ తల పట్టుకుంది గాని, మా అత్తయ్యగారి ముఖం వెలిగిపోయింది. ఆవిడ తెనాలి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఉన్నారు. "మంచిదే కదా అల్లుడుగారూ! ప్రయాణానికి బయల్దేరాక వెనక్కి అడుగెయ్యకూడదని శాస్త్రం. మీ బండే ఆ శాస్త్రం పాటిస్తోంది" అన్నారు. నా చేతకానితనానికి అంత గౌరవం అంతకు ముందు ఎప్పుడూ దక్కలేదు. ఆ రాత్రే మేం ముగ్గురం కూర్చుని, విండ్సర్ నుంచి మార్కమ్ దాకా ఎక్కడా రివర్స్ గేరు వెయ్యకుండా వెళ్ళే దారి తయారుచేశాం. కొత్త ఇంటి ముందు కూడా రోడ్డు మీదే ఆపాలని తీర్మానించుకున్నాం.

అసలు సమస్య ట్రైలర్ కాదు, పాలు. విండ్సర్ అపార్ట్‌మెంట్లో చేరిన రోజు కరెంటు పొయ్యి పనిచెయ్యక మా ఆవిడ పాలు మైక్రోవేవ్‌లో పెట్టింది. అవి లోపలెక్కడో పొంగాయి, ఎవరూ చూడలేదు. ఆ తర్వాత బాత్రూము కారినా, నా పాత ఉద్యోగం ఊడినా, తనకు ఇంటర్వ్యూల్లో ఉద్యోగం రాకపోయినా అన్నిటికీ ఆ కనపడని పాలే కారణమని తన మనసులో పడిపోయింది. నేను నవ్వేవాణ్ణి. బయల్దేరే ముందు రోజు మాత్రం గిన్నెలు సర్దుతూ, "ఏవండీ, ఈ ఒక్కసారి సరిగ్గా జరగాలండీ. నాకు భయంగా ఉంది" అంది. అప్పుడు నవ్వలేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం పదకొండున్నర లోపు, అది దాటితే వర్జ్యం. (సిద్ధాంతిగారు ఏ దేశపు పదకొండున్నర చెప్పారని నేనడిగితే, టొరంటో పంచాంగమే చూశారని అత్తయ్యగారు ఘాటుగా జవాబిచ్చారు.)

పొద్దున్నే బయల్దేరాం. ముందు సీట్లో అత్తయ్యగారు, వెనక మడత సీట్లో ఒళ్ళో వెంకటేశ్వరస్వామి పటంతో మా ఆవిడ. హైవే ఎక్కగానే గాలికి ట్రైలర్ ఊగడం, దాంతో పికప్ ఊగడం, దాంతో మేం ఊగడం మొదలైంది. లారీ దాటినప్పుడల్లా అత్తయ్యగారు గోవిందా అనేవారు. ఆ లెక్కన ఆ పూట ఆవిడకు వచ్చిన పుణ్యం తిరుపతి నడిచి వెళ్ళినా వచ్చి ఉండదు. అయినా టైముకే పోతున్నాం. కిచెనర్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వెనక్కి తిరిగి, "పాలెక్కడ పెట్టావే?" అన్నారు. మా ఆవిడ నన్ను చూసింది. నేను అద్దంలో మా ఆవిణ్ణి చూశాను. పాల సంచి విండ్సర్ ఫ్రిజ్‌లో చల్లగా ఉంది.

హైవే దిగాను. సూపర్ మార్కెట్ ఒకటి కనిపించింది గాని దాని పార్కింగ్ నిండా కార్లు, లోపలికి వెళ్తే ఎటు నుంచి బయటపడాలో తెలియదు. దాని పక్కనే ఒక కాఫీ దుకాణం, దానికి డ్రైవ్‌త్రూ, అంటే బండి దిగకుండానే కొనుక్కుపోయే దారి. ఒకవైపు లోపలికి బాణం, ఇంకోవైపు బయటికి బాణం. అంటే ముందుకే! నా ఆనందానికి అవధుల్లేవు. వెళ్ళి మైకులో మూడు పాల డబ్బాలు ఆర్డరిచ్చి, విజయగర్వంతో మలుపు తిప్పాను. పికప్ తిరిగింది. ట్రైలర్ తిరగలేదు. దాని చక్రం గట్టెక్కి, పక్క భాగం పసుపు స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. ముందుకెళ్తే గీసుకుపోతుంది. వెనక వరసగా కార్లు. ముందు నుయ్యి, వెనక కాఫీ కోసం కాచుకున్న జనం. గత్యంతరం లేక రివర్స్ వేశాను. ట్రైలర్ తన ధర్మం ప్రకారం అడ్డం తిరిగి, ఆర్డర్ తీసుకునే మైకు దాకా వెళ్ళింది. "ఇంకేమైనా కావాలా సర్?" అని అడిగింది ఆ మైకు.

చివరికి వెనకున్న కార్లన్నీ ఒక్కొక్కటే, సారీ చెప్పుకుంటూ వెనక్కి వెళ్ళాయి. (తప్పు నాది, సారీలు వాళ్ళవి. ఈ దేశం మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.) వాటిలోంచి దిగిన నలుగురు సాయం పట్టి, ట్రైలర్ ఊడదీసి, చేతులతో నెట్టుకుంటూ తీసుకెళ్ళి పార్కింగ్‌లో నిలబెట్టారు. నేను పికప్ చుట్టూ తిప్పుకుని, కిటికీ దగ్గర పాలు కూడా తీసుకుని వచ్చేసరికి పదకొండు దాటింది. మార్కమ్ ఇంకా గంట పైన దూరం. మా ఆవిడ పటం గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. "ఈసారీ పోయిందండీ" అంది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు తనకి. నా పికప్‌ను, నా గొప్పను, నన్నూ కలిపి ఆ స్తంభానికేసి కొట్టాలనిపించింది నాకు.

అత్తయ్యగారు ట్రైలర్ దగ్గరికి వెళ్ళి దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. తర్వాత నెమ్మదిగా, "అల్లుడుగారూ, మంచాలెక్కడున్నాయి?" అన్నారు. ట్రైలర్లో అన్నాను. "గిన్నెలూ?" ట్రైలర్లో. "బియ్యం, పప్పులు, మీ బట్టలూ?" అన్నీ ట్రైలర్లోనే అత్తయ్యా. "మరింక అక్కడ మార్కమ్‌లో ఏముందయ్యా? నాలుగు గోడలు! ఇల్లు ఇక్కడుంటే ముహూర్తం అక్కడ పెట్టుకుంటారా ఎవరైనా? తలుపు తియ్యండి!"

తీశాను. తలుపు పడమటికి ఉందన్నారు. అప్పుడే చేతులు దులుపుకుని కార్ల వైపు వెళ్తున్న ఆ నలుగురినీ మళ్ళీ పిలిచి, ట్రైలర్ను తూర్పుకు తిప్పించాం. ఎందుకో వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. అత్తయ్యగారు తలుపు అంచున కుంకుమ బొట్టు పెట్టారు. మా ఆవిడ పటంతో కుడికాలు ముందు పెట్టి, పరుపుకీ గ్రైండర్‌కీ మధ్యనున్న జానెడు చోటులోకి గృహప్రవేశం చేసింది. పిక్నిక్ పొయ్యి తలుపు దగ్గర పెట్టి, గాలికి సూట్‌కేసు అడ్డం పెట్టి, పాలు పోశాం. ఇంతలో దుకాణం మేనేజరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సర్, ఇక్కడ వంట చెయ్యకూడదు!"

"వంట కాదు, కొత్త ఇంట్లో చేరుతున్నాం. పది నిమిషాలు" అన్నాన్నేను. ఆ అమ్మాయి ట్రైలర్ లోపలికి చూసింది. పరుపు, గిన్నెలు, దేవుడు, ఏడ్చిన కళ్ళతో మా ఆవిడ, పొయ్యి ముందు పెద్దావిడ. ఆ అమ్మాయి ముఖం మెత్తబడింది. "ఇళ్ళ ధరలు అలా ఉన్నాయి మరి. మా అన్నయ్యా బేస్‌మెంట్లోనే ఉంటున్నాడు" అని గబగబా లోపలికెళ్ళి, ఒక డబ్బా నిండా డోనట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. నిజం చెప్పబోతే అత్తయ్యగారు కళ్ళతో ఆపారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు ఇచ్చింది కాదనకూడదట.

సరిగ్గా అప్పుడు పాలు పొంగాయి. మైక్రోవేవ్ చాటున కాదు, పట్టపగలు, అందరి కళ్ళముందూ, తూర్పు వైపుకే. మా ఆవిడ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. నెట్టినవాళ్ళు కూడా కొట్టారు. దుకాణం పంచదార పొట్లాలే కలిపి, వాళ్ళ కాగితం కప్పుల్లోనే తలా గుక్కెడు పంచాం. వాళ్ళలో ఒక ముసలాయన పాలు తాగి, ట్రైలర్‌ను పైనుంచి కింది దాకా చూసి, "బాగుంది మీ ఇల్లు. శీతాకాలం మాత్రం జాగ్రత్త" అన్నాడు.

మధ్యాహ్నానికి మార్కమ్ చేరాం. అక్కడ అత్తయ్యగారు ఏ తంతూ పెట్టుకోలేదు, చెప్పులు విడిచి మామూలుగా లోపలికి నడిచారు. మర్నాడు అదే కంపెనీ మార్కమ్ దుకాణంలో ట్రైలర్ తిరిగి ఇవ్వడానికి బయల్దేరుతుంటే మా ఆవిడ తనూ వస్తానంది. చీపురు తెచ్చి లోపలంతా ఊడ్చింది. ఆ కుంకుమ బొట్టు మాత్రం తుడవలేదు. అక్కడి పనివాడు ట్రైలర్‌ను ఒక్క ఊపులో వెనక్కి నడిపి వరసలో పెట్టేస్తుంటే, "పాలు పొంగించిన ఇల్లు, ఒక్క రోజుకే అప్పజెప్పేశామండీ" అంది నవ్వబోతూ. నవ్వు పూర్తిగా రాలేదు.

ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది. పాలు అక్కడా పొంగాయి, మంచి పొయ్యి మీద, నిండు ముత్తైదువుల మధ్య. పికప్ ఎప్పుడో అమ్మేశాను, ట్రైలర్ రివర్స్ చెయ్యడం ఇప్పటికీ రాదు. కాని హైవే మీద ఆ కంపెనీ ట్రైలర్ ఏదైనా ముందు కనిపిస్తే చాలు, మా ఆవిడ ఫోను పక్కన పెట్టి, "కాస్త దగ్గరగా పోనివ్వండి, బొట్టుందేమో చూద్దాం" అంటుంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాట్ అగైన్, మామ్!" అంటుంది. నేను మాత్రం దగ్గరగా పోనిస్తాను. ఇంతవరకు కనపడలేదు. ఎవరి సామాను మోస్తూ ఎక్కడ తిరుగుతోందో, మా మొదటి ఇల్లు.