చెలమలో అడిగిన ప్రశ్న

నా చిన్నప్పుడు మా తాతకు ప్రశ్నలు వేసే జబ్బు ఉండేది. పెద్దవాళ్లను అడిగితే విసుక్కుంటారని కాబోలు, నన్నూ నా ఈడు పిల్లల్నీ పట్టుకునేవాడు. నీళ్లు పారని వంకను వంక అనొచ్చా, నిద్రపోయినప్పుడు మనం ఎక్కడికి పోతాం, ఇసుక కింది నీళ్లు తవ్వకముందు ఎవరివి, ఇట్లాంటివి. మేం ఏదో ఒకటి చెబితే దానికి ఇంకో ప్రశ్న తగిలించేవాడు. చివరికి విసిగిపోయి నువ్వే చెప్పు తాతా అంటే, "నాకూ తెల్దు పాపా" అని నవ్వేవాడు. తెలియనిదాన్ని పట్టుకుని మా ప్రాణం తీయడమెందుకో నాకు అర్థమయ్యేది కాదు. మా అమ్మకైతే ఒళ్లు మండేది. పిల్లకు తిక్క పట్టిస్తున్నాడని ఆయనకు వినపడేలాగే అనేది.

మాది ఉరవకొండ వైపు ఒక ఊరు. ఆ ఏడు ఎండాకాలం బోరింగు ఎంత కొట్టినా కీచుమనడమే తప్ప చుక్క రాలేదు. ఊరి పక్కన పారే వంక ఎండిపోయి ఉత్త ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో గుంతలు తవ్వి, అడుగున ఊరిన నీళ్లను చెంబుతో తోడుకునేవాళ్లం. వాటినే చెలమలంటారు. ఇంటికొక చెలమ. రాత్రి ముళ్లకంప కప్పి వస్తే, తెల్లవారేసరికి ఊరిన నీళ్లు ఆ ఇంటివి. అయితే మా పక్కన తవ్వొద్దని ఎవరూ ఎవరినీ అనకూడదు. నీళ్ల దగ్గర అడ్డం చెప్పడం మా ఊళ్లో పెద్ద తప్పు. మా చెలమలో ఊట బాగుందని పక్కింటివాళ్లు దాన్ని ఆనుకునే ఇంకొకటి తవ్వారు. ఎండ ముదిరేకొద్దీ రెండూ లోతుకు పోయాయి. మధ్యలో ఇసుక గోడ పలచబడిపోతోందని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఉన్న మర్యాద పోతుందని ఎవరూ నోరు తెరవలేదు.

ఒకరోజు పొద్దున్నే అమ్మ, తాత, నేను నీళ్లకు వెళ్లాం. చెలమ నా తలకంటే లోతుగా ఉంది. సన్నగా ఉంటానని ఎప్పుడూ నన్నే లోపలికి దించేవాళ్లు. నేను బకెట్టు నింపితే అమ్మ తాడుతో పైకి లాగేది. నిండిన బకెట్టు పైకి వెళ్లింది. ఖాళీ బకెట్టు కోసం నేను తల ఎత్తేలోపు పక్క చెలమ వైపు ఇసుక గోడ జారింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. చూస్తుండగానే తడి ఇసుక నడుము దాటి ఛాతీ దాకా వచ్చేసింది.

అమ్మ కేక వేసి అంచు మీదికి ఉరికింది. ఆమె కాలు పడినచోట మళ్లీ ఇసుక విరిగి నా మెడ మీద పడింది.

"వెనక్కి రామ్మా! నువ్వు దిగితే పాప మునిగిపోతాది. ఊర్లోకి పరిగెత్తు. మనుషుల్ని పిలువు, తలుపులు ఊడబెరుక్కొని రమ్మను" అని తాత అరిచాడు. అంత గట్టిగా ఆయన అరవడం నేను అంతకుముందు వినలేదు. అమ్మ ఏడుస్తూనే పరిగెత్తింది.

తాత ఇసుక మీద బోర్లా పడుకుని కొంచెం కొంచెంగా అంచు దాకా పాకాడు. పైన ఆయన ముఖం, ఒక చేయి మాత్రమే కనిపించాయి. తాడు కొస నా చేతికి అందించి, లాగొద్దు, ఊరికే పట్టుకో అన్నాడు. నేను గుక్కపట్టి ఏడుస్తున్నాను, గింజుకుంటున్నాను. గింజుకున్నప్పుడల్లా పక్కల నుంచి ఇసుక జలజలా రాలుతోంది. ఊపిరి వదిలితే ఆ సందులోకీ ఇసుకే వచ్చి బిగుస్తోంది.

"పాపా, నీకు కాళ్లుండాయా?" అన్నాడు తాత.

నాకు ఎంత కోపం వచ్చిందంటే ఏడుపు ఆగిపోయింది. ఉన్నాయన్నాను.

"యాడ? నాకు కనపళ్లేదే. నీకు కనపడతాండాయా?"

లేదన్నాను.

"మల్ల ఉండాయని ఎట్ల తెలుసు?"

చల్లగా తగులుతున్నాయి కాబట్టి తెలుసన్నాను. కాసేపటికి ఆ చల్లదనం కూడా పోయింది. పాదాలు మొద్దుబారి, కింద ఏమీ లేనట్టు అయిపోయింది. తాతా, కాళ్లు తెలియడం లేదని భయంగా చెప్పాను. తెలియకపోతే లేనట్టేనా అని అడిగాడు. నేను కదలకుండా ఆలోచించాను. మనం తవ్వకముందు కూడా ఇసుక కింద నీళ్లున్నాయి కదా, నా కాళ్లూ అట్లే ఉంటాయి అన్నాను. బాగుంది అనొచ్చు కదా, అనలేదు. నీళ్లుంటాయనుకుని తవ్వితే చుక్క లేని గుంతలు ఎన్ని లేవు అన్నాడు. ఛాతీ దాకా ఇసుకలో ఉండి నేను ఆ ముసలాయనతో వాదించాను. వాదిస్తుంటే ఊపిరి చిన్నగా, సమంగా ఆడింది. ఇసుక రాలడం తగ్గింది.

సరే, కాళ్లు లేకపోతే నువ్వు నువ్వేనా, ఇంతకీ నువ్వంటే ఏది అన్నాడు. అడిగేది నువ్వు, చెప్పేది నేను, నేనంటే ఆ చెప్పేదే అన్నాను. ఇది నాకు తోచనే లేదు పాపా అన్నాడు.

అప్పుడు నేను అడిగాను. "తాతా, నేను చచ్చిపోతానా?"

ఏం కాదమ్మా అనడానికి ఆయనకు ఎంత మనసై ఉంటుందో నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

"నాకు తెల్దు పాపా" అన్నాడు. "నేనైతే ఈడ్నించి కదల్ను."

అంచు విరిగితే ఆయన తలకిందులుగా నా మీద పడతాడని నాకూ తెలుసు. ఆయన కదలడని కూడా నమ్మాను. తెలియనిదాన్ని తెలుసని ఒక్కనాడూ అననివాడి మాట అది. తాడు పట్టుకుని పైకి చూస్తూ ఉండిపోయాను.

నాయన, పక్కింటివాళ్లు, ఇంకా చాలామంది వచ్చారు. తలుపులు దించి చుట్టూ అడ్డం నిలబెట్టి, చేతులతో ఇసుక తోడారు. పైకి తీశాక చూసుకుంటే నా కాళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. తాత మాత్రం లేవలేకపోయాడు. మణికట్టుకు చుట్టుకున్న తాడును నాయనే విప్పాల్సి వచ్చింది. అమ్మ ఆ రోజంతా ఆయన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది.

మొన్న మా చిన్న పాప బడి నుంచి వచ్చి, "మా, నువ్వు గూడ చచ్చిపోతావా? అప్పుడు నేను యాడుండాల?" అని అడిగింది. దాని స్నేహితురాలి అవ్వ పోయిందట. అట్లాంటి మాటలు అనకూడదు, పోయి ఆడుకో అనే మాట నా నోటి దాకా వచ్చింది. స్టవ్ ఆపేసి దాని పక్కన కింద కూర్చున్నాను. పోతానమ్మా, ఎప్పుడో తెల్దు అన్నాను. నువ్వు యాడుండాల్నో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం అన్నాను. అది ఏడవలేదు. నా ఒళ్లోకి ఎక్కి ఇంకో ప్రశ్న వేసింది. దానికీ తెల్దనే చెప్పాను. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆ మాట చెప్పి లేచి వెళ్లిపోవడం మాత్రం నా వల్ల కాదు.